చెహోవ్ వారపత్రిక కథలు తెలుగులోకి వచ్చేసరికి నవ్వు ఎక్కడ జారిపోతోంది?

మీ ప్రశ్న ఇది: రష్యన్ రచయిత చెహోవ్ తొలినాళ్ల హాస్యకథలు మూడు, "లావాటివాడూ సన్నటివాడూ", "గుర్రపు ఇంటిపేరు", "ఉద్యోగి మరణం", ఇంగ్లీషు మీదుగా తెలుగు చేశారు. చదివినవాళ్లు "కథ అర్థమైంది, నవ్వు రాలేదు" అన్నారు. లోపం కథల్లో ఉందా, కాలం మారడంలో ఉందా, మీ అనువాదంలో ఉందా అని అడిగారు.

ఎక్కువ పాపం మధ్యలో ఉన్న ఇంగ్లీషుది. ఈ కథల్లో నవ్వంతా పిలుపుల్లో ఉంటుంది: ఎవరు ఎవర్ని నువ్వంటున్నారు, ఎవర్ని తమరంటున్నారు, ఏ మాటతో ఆ గీత దాటారు. ఇంగ్లీషులో ఉన్నది ఒక్క "యూ". కాబట్టి అక్కడే సగం ఆవిరైపోయింది. తెలుగులో ఆ సామగ్రి అంతా ఉంది, రష్యన్‌లో కన్నా ఒక మెట్టు ఎక్కువే ఉంది. మిగిలిన కొంచెం పాపం మీది: వీటిని ప్రపంచ సాహిత్యం అనుకుని భక్తిగా చేశారు. పుట్టినప్పుడు ఇవి సాహిత్యం కావు, వారపత్రిక సరుకు.

ముందు ఆ సరుకు సంగతి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో "అస్కోల్కి" అని ఒక హాస్య వారపత్రిక ఉండేది. ఆ మాటకు పెంకులు, పగిలిన ముక్కలు అని అర్థం. సంపాదకుడు నికొలాయ్ లేయ్కిన్. మాస్కోలో వైద్యం చదువుకుంటున్న చెహోవ్ 1882 చివర్లో ఆ పత్రికకు రాయడం మొదలుపెట్టాడు. లైనుకు 8 కోపెక్కులు (నూరు కోపెక్కులు ఒక రూబులు). అంతకుముందు 1880లో ఆయన మొదటి రచన వేసిన "స్త్రెకజా" (అంటే తూనీగ) ఇచ్చింది 5 కోపెక్కులే. కింద సంతకం అంతోషా చెఖాంతె అనో, "మా అన్నకి తమ్ముడు" అనో, "ప్లీహం లేని మనిషి" అనో ఉండేది. లేయ్కిన్ పెట్టిన హద్దు సుమారు 100 లైన్లు. నూరూ నింపితే 8 రూబుళ్లు. లైనుకింత అని డబ్బిస్తే ఎవడైనా సాగదీస్తాడు, ఇక్కడ సాగదీయడానికి చోటు లేదు. అందుకే ఈ కథల్లో వర్ణన ఒక వాక్యం, పాత్ర పరిచయం ఒక వాసన, మిగిలినదంతా సంభాషణ.

మీకు పనికొచ్చే కొలత ఇది: ఇలాంటి కథలు రష్యన్‌లో దాదాపు ఆరు నుంచి ఎనిమిది వందల మాటలు. విభక్తులూ ప్రత్యయాలూ మాటకే అతుక్కుపోయే తెలుగులో మాటల లెక్క అంతకు మించకూడదు, నిజానికి తగ్గాలి. మీ "లావాటివాడూ సన్నటివాడూ" వెయ్యి దాటిందంటే మీరు ఎక్కడో వివరించారని అర్థం. వెతికి పట్టుకుని కోసేయండి. చాలాచోట్ల ఆ ముద్దాయి "అన్నాడు ఆశ్చర్యంగా", "అన్నాడు వినయంగా" లాంటి తోకలు. తెలుగు క్రియలోనే మర్యాద ఉన్నప్పుడు "వినయంగా" అని మళ్లీ చెప్పడం దండగ.

ఇక ఆ కథలోకే వద్దాం. నికొలాయెవ్‌స్కీ రైల్వే స్టేషనులో చిన్ననాటి స్నేహితులు ఇద్దరు ఎదురుపడతారు. లావాటివాడి దగ్గర షెర్రీ, నారింజపూల అత్తరు వాసన. సన్నటివాడి దగ్గర పంది మాంసం, కాఫీ మడ్డి వాసన. వాటేసుకుంటారు, ముద్దులు పెట్టుకుంటారు, కళ్లనీళ్లు పెట్టుకుంటారు. సన్నటివాడు లూథరన్ క్రైస్తవురాలైన తన భార్య లూయిజానీ, కొడుకు నఫనాయిల్‌నీ చూపిస్తాడు, తన ఉద్యోగం చెబుతాడు, కొయ్యతో సిగరెట్టు పెట్టెలు చేసి ఒక్కోటి రూబులుకు అమ్ముకుంటానంటాడు. "మరి నీ సంగతేమిటి?" అంటాడు. లావాటివాడు తాను ప్రీవీ కౌన్సిలర్‌నని, అంటే చాలా పెద్ద అధికారినని చెబుతాడు. అంతే, సన్నటివాడు పాలిపోయి, కొయ్యబారి, వంగిపోయి, "ఏలినవారు" అనడం మొదలుపెడతాడు.

రష్యన్‌లో ఇక్కడ జరిగేది నువ్వు నుంచి మీరుకు మారడం. తెలుగులో మీకు మూడు మెట్లున్నాయి, మూడూ వాడండి. ముందు భాగం మొత్తం "ఒరేయ్, నువ్వేనట్రా!" స్థాయిలో నడవాలి. మీ ప్రతిలో ఇద్దరూ మొదటినుంచీ "నీవు" అనుకుంటున్నారు. బళ్లో కలిసి చదువుకున్న ఇద్దరు తెలుగువాళ్లు "నీవు" అనుకోరు. పైన "రా" లేకపోతే కింద "తమరు" పడినప్పుడు చప్పుడు కాదు. మారేటప్పుడు "మీరు" దగ్గర ఆగకండి. "మీరు" మర్యాద, "తమరు" భయం. లావాటివాడు మాత్రం చివరిదాకా "రా" వదలకూడదు: "ఊరుకోరా, మన మధ్య ఈ హోదాలేమిట్రా?" అతను ఎంత దగ్గరికి లాగితే ఇతను అంత దూరం జరుగుతాడు. హాస్యం ఆ లాగుడులో ఉంది.

రష్యన్‌లో ఇంకో చిన్న పరికరం ఉంది. ఏ మాట చివరైనా "స్" అనే ఒక్క హల్లు తగిలిస్తే అది వినయం. "అయ్యా" వంటి "సూదర్" అనే మాట అరిగి అరిగి మిగిలిన ముక్క అది. సన్నటివాడు భయపడ్డాక నవ్వు కూడా "హి-హి-స్" అని నవ్వుతాడు. ఇంగ్లీషు అనువాదకులు దీన్ని వదిలేస్తారు, లేకపోతే ప్రతిచోటా "సర్" పెడతారు. నవ్వుకు "సర్" తగిలించలేరు కదా. మనకు అచ్చంగా అలాంటిదే ఉంది: "అండి". క్రియకే కాదు, నామవాచకానికీ అవ్యయానికీ అంటుకుంటుంది. "కొడుకండి", "లూథరన్ అండి, ఒక రకంగానండి", "హిహిహండి". ఇది తెలుగుకు పండగ. అయితే మొదటి సగంలో ఒక్క "అండి" కూడా పడకుండా చూసుకోండి. దాచి దాచి ఒక్కసారి కుమ్మరించాలి.

కుటుంబ పరిచయం ఈ కథలో రెండుసార్లు వస్తుంది. అదే భార్య, అదే కొడుకు, అవే వివరాలు. మీరు రెండోదాన్ని కుదించారు, పునరుక్తి అనిపించి ఉంటుంది. కథకు నడుమే అది! మొదటిసారి "ఇదిగో మా ఆవిడ, వీడు మావాడు, మూడో క్లాసు". రెండోసారి అదే సమాచారం "ఇది నా భార్యండి, వీడు నా కొడుకండి" అని. పై అధికారి ముందు మా ఆవిడ "ఇది" అయిపోతుంది. మనిషి తనతోపాటు తనవాళ్లనీ కిందికి దించడం తెలుగులో ఒక్క సర్వనామంతో అయిపోతుంది.

ఇంకోటి. మొదట్లో ఇద్దరూ కావలించుకున్నప్పుడు రచయిత "ఇద్దరూ ఆనందంతో దిమ్మెరపోయారు" అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి వేస్తాడు. చివర్లో లావాటివాడు వెళ్లిపోయాక అదే వాక్యం, అవే మాటలతో, "ముగ్గురూ" అని అంకె మార్చి వేసి కథ ఆపేస్తాడు. మీ ప్రతిలో ఒకచోట "ఆనందాశ్చర్యాలు", ఇంకోచోట "సంతోషంతో ఉక్కిరిబిక్కిరి". పర్యాయపదాలు మార్చడం బళ్లో వ్యాసానికి అందం, ఇక్కడ విషం. అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంచండి.

ఈ కథకు రెండు పాఠాలున్నాయని కూడా తెలిసి ఉండాలి. 1883లో పత్రికలో అచ్చయిన దాంట్లో లావాటివాడు ఆ సన్నటివాడికి కొత్తగా వచ్చిన పై అధికారే. తెలియక నోరు జారి, తర్వాత వణికిపోతాడు. 1886లో సంపుటిలో వేసేటప్పుడు చెహోవ్ ఆ సంబంధం తెంచేశాడు. ఇప్పుడు లావాటివాడికి ఇతని ఉద్యోగంతో పని లేదు, ఇతన్ని ఏమీ చేయడు, చేసే ఉద్దేశమూ లేదు. అయినా వంగిపోతాడు. మొదటి పాఠంలో భయానికి కారణం ఉంది కాబట్టి చిరునవ్వు. రెండోదాంట్లో కారణం లేదు కాబట్టి నవ్వూ, దాని వెనక చలీ. మీ ప్రతిలో "తన పై అధికారి అని తెలియగానే" అన్న వాక్యం మీరు కలిపినట్టుంది. అది చెహోవ్ తీసేసిన చెత్తను మళ్లీ లోపలికి తేవడం.

హోదాల గురించి క్లుప్తంగా: 1722లో పీటర్ చక్రవర్తి పెట్టిన పట్టికలో 14 తరగతులు, 14వది అడుగు. సన్నటివాడిది 8వది, లావాటివాడిది 3వది. పాఠకుడికి ఈ పట్టిక చెప్పనక్కర్లేదు. "ప్రీవీ కౌన్సిలర్" దగ్గర "పైనించి మూడో మెట్టు" అన్న భావం రావాలి, అంతే. సన్నటివాడి ముఖం మిగిలింది చెబుతుంది. సంబోధనకు "ఎక్సలెన్సీ" పెట్టకండి, గవర్నరు బంగళా వాసన వస్తుంది. "మహాప్రభో" పౌరాణిక నాటకం. "ఏలినవారు" అర్జీల భాషలోంచి వచ్చిన మాట, కచేరీ దుమ్ము అంటుకుని ఉంటుంది, సరిగ్గా కావలసిందీ అదే.

ఇలాంటి మాటలకు వెతకవలసిన చోటు కూడా ఆ కాలపు తెలుగే. వీరేశలింగం 1876లో రాజమండ్రి నుంచి "హాస్యసంజీవని" పత్రిక మొదలుపెట్టాడు. అందులోని ప్రహసనాల్లో మనుషులు మనుషుల్లాగే మాట్లాడతారు. అస్కోల్కికి అయిదారేళ్ల ముందు సంగతి. మన పత్రికల్లో అప్పటికి చిన్నకథ లేదు, ఉన్నది సంభాషణే. చెహోవ్ కథలు కూడా ముప్పాతిక సంభాషణే కాబట్టి జవాన్లు, గుమాస్తాలు, వకీళ్లు నోరు తెరిస్తే ఎలా ఉంటుందో అక్కడ దొరుకుతుంది. కథకుడి గొంతుకు మాత్రం దాన్ని ఆదర్శం చేసుకోవద్దు. కథకుడు ఇవాళ్టి మామూలు తెలుగులో, ముఖం బిగించుకుని చెప్పాలి. కథకుడు నవ్వితే పాఠకుడు నవ్వడు.

ఇక "గుర్రపు ఇంటిపేరు". ఇది అస్కోల్కిలోది కాదు, 1885 జూలైలో పీటర్స్‌బర్గ్ దినపత్రిక ఒకదాంట్లో వచ్చింది. కాస్త పొడుగు. రిటైరైన మేజర్ జనరల్‌కు పన్ను పోటు. మంత్రం వేసేవాడొకడు సరాతవ్‌లో ఉన్నాడు, తంతి కొడితే చాలు, కానీ ఆ సంగతి చెప్పిన దివాన్‌కు, అంటే జనరల్ ఆస్తి చూసే ఉద్యోగికి, వాడి ఇంటిపేరు గుర్తు రాదు. "గుర్రానికి సంబంధించింది" అని మాత్రం తెలుసు. ఇల్లంతా గుర్రపు పేర్లు కట్టడం మొదలుపెడుతుంది, పదులకొద్దీ. చివరికి డాక్టరు వచ్చి పన్ను పీకేశాక, తిరిగి వెళ్తూ దారిలో దివాన్‌ను "ఓట్లు (గుర్రాలకు పెట్టే ఓట్స్ గింజలు) అమ్ముతారా?" అని అడుగుతాడు. దివాన్‌కు వెలుగుతుంది: ఆ పేరు ఓవ్సోవ్, "ఓట్ల"వాడు!

మీరు ఓవ్సోవ్ అనే ఉంచి కింద సూచిక పెట్టారు. నవ్వు సూచికలో చచ్చిపోయింది. పైగా తెలుగులో "ఓట్లు అమ్ముతారా" అంటే ఎన్నికల కథ అయిపోతుంది. నేను పాటించే సూత్రం ఒకటే: నవ్వు ఆ పేరు మీదే నిలబడితే పేరు మార్చాలి, పేరు పక్కన నిలబడితే వదిలేయాలి. ఇక్కడ మార్చక తప్పదు. మన గుర్రం తినేది ఉలవలు. డాక్టరు "ఉలవలేమైనా అమ్ముతారా?" అనాలి, ఇంటిపేరు "ఉలవల" కావాలి. అంతవరకూ జనం ఊహించే పేర్లకు మనకు కరువు లేదు, గుర్రం, కళ్లెం నిజంగానే ఉన్న ఇంటిపేర్లు. జీనుల, డెక్కల, పగ్గాల, జూలు అని పోతూ ఉండొచ్చు. రష్యన్ వాతావరణం చెడుతుందనుకుంటే వేర్లు తెలుగువి, తోకలు రష్యన్‌వి చేయండి: గుర్రపోవ్, కళ్లేనిన్, డెక్కిన్‌స్కీ, చివరికి ఉలవోవ్. నాకైతే ఇదే నచ్చుతుంది. ఒక్క జాగ్రత్త: గుగ్గిళ్ల అన్న పేరును మాత్రం అసలు రానివ్వకండి. ఉలవలకు మరీ దగ్గర, పాఠకుడు ముందే పట్టేస్తాడు. మొదటి ఐదారు పేర్లూ గుర్రం ఒంటి మీదివి, తర్వాత సామానువి. మేత వైపు ఎవరికీ దృష్టి పోకూడదు.

దీనికి ఎదురు ఉదాహరణ లావాటివాడి కథలోనే ఉంది. బళ్లో ఒకణ్ని హెరొస్త్రాతస్ అని, ఇంకొకణ్ని ఎఫియాల్తెస్ అని ఏడిపించేవాళ్లు. హనుమంతుడు, నారదుడు అని మార్చాలా అని మీరు అడిగారు. వద్దు. "సర్కారు పుస్తకాన్ని సిగరెట్టుతో కాల్చావని", "నేను చాడీలు చెబుతానని" అంటూ కారణం ఆ వాక్యంలోనే ఉంది. వాక్యమే తన సూచిక మోసుకొస్తోంది, మన చేయి పెట్టనక్కర్లేదు.

మీ జాబితాలో లేని రెండు చిన్నవి కూడా చేసి చూడండి, చేయి తిరుగుతుంది. 1884 నాటి "ఫిర్యాదుల పుస్తకం"లో కథకుడే లేడు. రైల్వే స్టేషనులో ప్రయాణికులు రాసిపోయిన ముక్కలు మాత్రమే. చివర్లో స్టేషను మాస్టరు తరఫున ఇవానోవ్ 7వ వాడు "సంబంధం లేనివి రాయవద్దు" అని రాస్తే, కింద ఇంకెవడో "ఏడోవాడివైనా వెధవ్వే" అని రాస్తాడు. ఒకే ఇంటిపేరు వాళ్లకు కొలువుల్లో అంకెలు వేసేవారు, తెలుగు పాఠకుడికి దాన్ని విడిగా చెప్పకుండానే తెలిసిపోతుంది. ఇక్కడ ప్రతి ముక్కకూ వేరే దస్తూరీ వినిపించాలి: ఒకటి గ్రాంథికం, ఒకటి తప్పుల తడక, ఒకటి ప్రేమలేఖ. రెండోది 1886 మాస్లెనిత్సా పండగ సంచికలో వచ్చినది. ఒకాయన వేడి వేడి బ్లీనీల మీద వెన్న, మీగడ, చేపగుడ్లు పేర్చుకుని, చుట్టుకుని, నోరు తెరిచి... పక్షవాతం వచ్చి పడిపోతాడు. బ్లీనీలను "పాన్‌కేకులు" అనకండి. పులిసిన పిండితో పెనం మీద పోసేవాటికి మనకు అట్లు అన్న మాట ఉంది. ఆ వాక్యం పేర్చుకున్నకొద్దీ పొడుగవాలి, పడిపోయే వాక్యం నాలుగు మాటలు దాటకూడదు.

మూలం కావాలంటే 1974 నుంచి 1983 వరకు వచ్చిన 30 సంపుటాల అకాడమీ ప్రతి చూడండి. మొదటి నాలుగైదు సంపుటాల్లో ఇవన్నీ కాలక్రమంలో ఉన్నాయి, వెనక పాఠభేదాలు కూడా ఇచ్చారు. 1899లో మార్క్స్ అనే ప్రచురణకర్తకు హక్కులు అమ్మినప్పుడు చెహోవ్ తొలి రచనల్లో చాలావాటిని పక్కన పెట్టేశాడు, అందుకని పాత సంకలనాల్లో అవి దొరకవు. రష్యన్ పూర్తిగా రాకపోయినా ఫర్వాలేదు. అక్షరాలు నేర్చుకుని ఏ వాక్యంలో "తీ" (నువ్వు) ఉంది, ఏ వాక్యంలో "వీ" (మీరు) ఉంది, ఎక్కడ "స్" తగిలింది అని రంగు పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. కథకు ఒక పూట పని. తర్వాత ఇంగ్లీషు ప్రతి ముందు పెట్టుకున్నా నష్టం సగం తగ్గుతుంది.

చివరగా "ఉద్యోగి మరణం", 1883. చెర్వికోవ్ నాటకశాలలో రెండో వరసలో కూర్చుని తుమ్ముతాడు. ముందు వరసలో ఉన్న జనరల్ బ్రిజ్జాలోవ్ బట్టతల మీద తుంపర పడుతుంది. ఇతను క్షమాపణలు చెబుతూనే ఉంటాడు. మీరు ఇతన్ని "బీద గుమాస్తా" చేశారు. బీద గుమాస్తాకు రెండో వరస టిక్కెట్టు ఎక్కడిది? ఇతను ఆఫీసు పెత్తనం చూసే ఓ మోస్తరు ఉద్యోగి, తృప్తిగా బైనాక్యులర్స్ పెట్టుకుని ఆట చూస్తున్నాడు. "బీద" అన్న మాట తీసేయండి, జాలి ముందే పుడితే నవ్వు పుట్టదు. అలాగే జనరల్ క్రూరుడు కాడు. ఆ కథలో బుర్ర సరిగ్గా ఉన్నది ఆయనకొక్కడికే. పైగా వేరే శాఖ మనిషి. పత్రిక అచ్చుకు ముందే సెన్సారుకు వెళ్లేది, పెద్దవాళ్ల మీద రాళ్లు వేస్తే కుదిరేది కాదు. కానీ ఈ కథలో అది బలవంతం అనిపించదు, ఎదుటివాడు మంచివాడు కావడం వల్లే ఇతని భయం వింతగా కనిపిస్తుంది.

జనరల్ జవాబులను ఒక మెట్ల వరసగా రాసుకోండి. "ఫర్వాలేదు, ఫర్వాలేదు." తర్వాత, "కూర్చోండి, విననివ్వండి!" విరామంలో, "నేను మరిచేపోయాను, మీరింకా అదే పట్టుకున్నారు." మర్నాడు, "నాతో వేళాకోళమా అండీ?" ఆ మర్నాడు కాళ్లు నేలకేసి కొడుతూ గెంటేస్తాడు. అప్పటివరకూ రష్యన్‌లో ఆయన ఇతన్ని మీరనే అన్నాడు. చివరి అరుపు ఒక్కటే ఏకవచనం. మీరు "వెళ్లిపొండి ఇక్కణ్నుంచి!" అని రాశారు. ఆ "పొండి"కి మనిషి చావడు. "ఫో అవతలికి!" అంటేనే చస్తాడు. వెంటనే అతని కడుపులో ఏదో తెగుతుంది. మీరు "గుండె బద్దలైంది" అన్నారు. గుండె కాదు, కడుపు. "కడుపులో ఏదో పుటుక్కుమంది" చాలు.

ఆఖరి క్రియ కూడా చూడండి. శీర్షికలో "మరణం" అన్న పెద్ద మాట ఉంది. కథ చివర రష్యన్‌లో ఉన్నది బజారు మాట, ఇంట్లో ముసలివాళ్లు వాడే మాట. మీరు "మరణించాడు" అని శీర్షికనే తిరిగి రాశారు. అతను యాంత్రికంగా ఇంటికి వచ్చి, యూనిఫారం కూడా విప్పకుండా, సోఫా మీద నడుం వాల్చి... పోయాడు. జనరల్ "ఫో" అన్నాడు, ఇతను పోయాడు. మూలంలో ఈ శ్లేష లేదు, తెలుగు ఊరికే ఇస్తోంది. ఆ రెండు మాటల మధ్య ఇంకే "పోవడం" రాకుండా చూసుకోండి. "ఇంటికి వెళ్లిపోయాడు" అని రాసి ఉంటే "ఇల్లు చేరాడు" అని మార్చండి.